పాస్టరుగారు ఎవరి గేటు తీస్తారో!

"ఎవరు పెట్టారు సంతకం? నాకిప్పుడే తెలియాలి... ఎవరు పెట్టారు!"

థిర్జా చేతులకి పిండి అంటుకునే ఉంది. రాత్రి భోజనానికి గని నుంచి వస్తాడనుకున్న కొడుకు ఖాకీ బట్టల్లో గుమ్మం ముందు నిలబడితే, మొదటి క్షణంలో ఆమె వాడిని గుర్తే పట్టలేదు! ఎవరో సిపాయి దారి అడగడానికి వచ్చాడనుకుంది. ఆ తర్వాత కనిపించాయి... టోపీ కింద నుంచి తొంగిచూస్తున్న ఎర్రజుట్టు, తండ్రి పోలిక పెద్ద చెవులు, తప్పు చేసినప్పుడల్లా ఒక పక్కకి వంకరపోయే ఆ నవ్వు.

క్లెమ్‌కి పంతొమ్మిదేళ్ళు. ఇరవయ్యొకటి నిండని పిల్లవాడిని సైన్యంలో చేర్చుకోవాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకుని కాగితం మీద సంతకం చెయ్యాలి. ఆ కాగితం వాడు మూడుసార్లు తెచ్చాడు. మూడుసార్లూ థిర్జా దాన్ని పొయ్యిలో పడేసింది. మరి ఇదెలా జరిగింది?

"అమ్మా, నువ్వు ముందు కూర్చో..." అన్నాడు క్లెమ్.

"కూర్చోను! ఎవరి సంతకం చూసి నిన్ను తీసుకున్నారు? నేను పెట్టలేదే! ప్రాణం పోయినా పెట్టనని చెప్పానే!"

క్లెమ్ నోరు తెరిచి మళ్ళీ మూశాడు. పొయ్యి దగ్గర నిలబడ్డ చెల్లెలు తమ్సిన్ ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. అప్పటిదాకా బల్ల దగ్గర తల వంచుకుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్న జేబెజ్ నెమ్మదిగా లేచాడు.

"నేనే పెట్టాను," అన్నాడు. "నాదీ నేనే పెట్టాను, నీదీ నేనే పెట్టాను."

ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసిన మొగుడి ముఖంలోకి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది థిర్జా.

"మీరు తండ్రేనా? ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టొచ్చిన చేతులు కావూ అవి? మూడోవాణ్ణి కూడా ఆ చేతులతోనే ఇచ్చేశారా!"

జేబెజ్ కళ్ళు దించుకున్నాడు.

క్లెమ్‌కి ముందు ఆమెకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. మంచినీళ్ళకి కటకటలాడే మూంటా ఊళ్ళో, ఒక వేసవిలో వచ్చిన విషజ్వరం వారం తిరక్కుండా ఇద్దరినీ తీసుకుపోయింది. ఆ తర్వాత పుట్టినవాడు క్లెమ్. అందుకే వాడు తుమ్మినా ఆమెకు భయమే, వాడు ఎక్కువసేపు నిద్రపోయినా భయమే! ఊరి చుట్టూ ఎక్కడ చూసినా రాగి కోసం తవ్వి వదిలేసిన గోతులు, ఎర్రటి రాతిగుట్టలు. తోటి పిల్లలు ఆ గుట్టలెక్కి జారుతుంటే, వాడి నడుముకి తాడు కట్టి పెరట్లో గుంజకి ముడివేసిన తల్లి ఆమె. వాడికి మాత్రం భయమంటే ఏమిటో తెలియదు. పధ్నాలుగో ఏట గనిలో రాళ్ళు ఏరే పనికి వెళ్ళాడు. శనివారం మధ్యాహ్నాలు సముద్రంలో మోకాళ్ళ లోతు దిగి, బకెట్టు నిండా నీలిపీతలు పట్టుకొచ్చేవాడు. గని బ్యాండులో బాకా ఊదేవాడు. "నేను ఊదితే నీ రొట్టె ఇంకాస్త పొంగుతుందమ్మా, చూడు!" అంటూ వంటింట్లోకొచ్చి చెవులు చిల్లులు పడేలా ఊది, ఆమె చేత గరిటె దెబ్బలు తినేవాడు. దెబ్బ తిన్నాక ఇంకా గట్టిగా ఊదేవాడు!

అలాంటి పిల్లవాడు, సముద్రాల అవతల జరుగుతున్న యుద్ధానికి రైలెక్కాడు. స్టేషన్‌లో జనం జెండాలు ఊపుతున్నారు, పాటలు పాడుతున్నారు. కదలబోయే ముందు క్లెమ్ కిటికీలోంచి వంగి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, "అమ్మా, నాన్న మీద కోపం పెట్టుకోకే... అసలు సంగతేంటంటే..." అన్నాడు. "రైలు కదులుతోందిరా, తల లోపల పెట్టు!" అని జేబెజ్ గట్టిగా అరిచాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి అలా అరిస్తే అందరూ తిరిగి చూశారు. ఆ మాట సగంలోనే ఆగిపోయింది.

ఆ రోజు నుంచి థిర్జా భర్తతో మాట్లాడడం మానేసింది. భోజనం వడ్డించేది, బట్టలు ఉతికేది, ఆదివారం అతని పక్కనే చర్చి బల్ల మీద కూర్చునేది. కానీ మాట మాత్రం లేదు. "మీ నాన్నకి సబ్బు అయిపోయిందట, చూడు" అని కూతురితో చెప్పేది. అతను ఎదురుగానే ఉండేవాడు! గనిలో నీళ్ళు తోడే ఇంజను దగ్గర పన్నెండు గంటలు నిలబడి వచ్చి, ఆ మౌనంలో కూర్చుని తిని, లేచి వెళ్ళి పెరట్లో కట్టెలు కొట్టుకునేవాడు. తమ్సిన్ ఇద్దరి మధ్యా నీడలా తిరిగేది. పదహారేళ్ళ పిల్ల... మూంటా మొత్తానికి వాగుడుకాయ అని పేరు తెచ్చుకున్నది, ఉన్నట్టుండి మూగదానిలా అయిపోయింది. అన్నయ్య మీద బెంగ అనుకుంది తల్లి.

ఇక ఊరంతటినీ ఒకే భయం పట్టుకుంది... అది పాస్టరుగారి భయం!

యుద్ధంలో ఎవరైనా పోతే సైన్యం వాళ్ళు ఆ కబురు మోసుకొచ్చే తంతి నేరుగా ఇంటికి పంపరు. పాస్టరుగారికి పంపుతారు. ఆయన వెళ్ళి ఆ ఇంటివాళ్ళకి నోటితో చెప్పాలి. పాస్టర్ కార్లియన్ ఎంత మంచివాడు! పెళ్ళిళ్ళలో పిల్లలతో సమానంగా గెంతేవాడు, కేకు రెండో ముక్క తానే అడిగి తినేవాడు. అలాంటి మనిషి నల్లకోటు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, ఇప్పుడు ఆడవాళ్ళు తీగ మీద బట్టలు ఆరేయడం సగంలో వదిలి లోపలికి పరుగెత్తేవారు. తలుపు సందులోంచి చూసేవారు. ఒక్కొక్క గేటూ దాటుతుంటే ఒక్కొక్క ఇంట్లో ఊపిరి వచ్చేది. ఏ గేటు దగ్గర ఆగుతాడో... ఎవరి గేటు తీస్తాడో!

ఒక ఉదయం థిర్జా ఇంటి ముందు తుడుస్తుంటే ఆయన కనిపించాడు. చీపురు చేతిలో బిగుసుకుపోయింది. ఆయన వస్తున్నాడు... తలెత్తి చూడడం లేదు... ఇంకో పది అడుగులు... అయిదు... "ప్రభువా, నా గేటు కాకూడదు, నా గేటు కాకూడదు!" ఆయన ఆగలేదు. దాటి వెళ్ళాడు. పక్కింటి గేటు గడియ తీసిన చప్పుడు వినిపించింది. పక్కిల్లు కెజియాది. ఆమెకి ఒక్కగానొక్క కొడుకు.

ఆ క్షణంలో థిర్జాకి పట్టలేని సంతోషం కలిగింది! నవ్వు వచ్చేసింది. చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. ఆ మరుక్షణంలోనే పక్కింట్లోంచి ఒక కేక... మనిషి కేకలా లేదది. థిర్జా చీపురు పడేసి, తన మీద తనకే అసహ్యం వేసి, గోడకి ఆనుకుని కూలబడిపోయింది.

మూడు రోజుల తర్వాత సూప్ గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. కెజియా ఆమె కంటే పదేళ్ళు పెద్ద, నోరు గల మనిషి. గిన్నె అందుకోలేదు.

"మా గేటు తీస్తే నీకు ప్రాణం లేచొచ్చింది కదూ, థిర్జా?"

థిర్జా గిన్నె కింద పెట్టి ఏడ్చేసింది. "అవునక్కా... లేచొచ్చింది. నన్ను క్షమించు."

కెజియా వంగి గిన్నె అందుకుంది. "లేదని అబద్ధం చెప్పావంటే ఆ సూప్ నీ నెత్తిన పోసేదాన్ని," అంది చివరికి. "పోయిన నెలలో ఆయన ఆ మూలింటికి వెళ్ళినప్పుడు నాకూ అలాగే అయిందిలే. కూర్చో."

క్లెమ్ ఉత్తరాలు వచ్చేవి. ఓడల మీద రెండు నెలలు ప్రయాణం చేసి వచ్చేవి. థిర్జాకి చదవడం తడుముకుంటూ వచ్చు, రాయడం తన పేరు వరకే. ఉత్తరాలు చదివేదీ, జవాబులు రాసేదీ తమ్సినే. "అమ్మా, నన్ను బ్యాండులో వేశారు! ఇక నీకు బెంగ అక్కర్లేదు. అందరూ తుపాకులు మోస్తుంటే మీవాడు బాకా మోస్తున్నాడు. ఇక్కడి ఫ్రెంచి ముసలమ్మ ఒకావిడ నా ఊదుడు విని కోడిగుడ్డు ఇచ్చింది... ఊదమనో, ఆపమనో తెలియలేదు" అని రాశాడు. ఎన్ని నెలల తర్వాతో థిర్జా కడుపారా నవ్వింది. బ్యాండులో ఉన్నాడట! తుపాకీ లేదట! ఆ మాట వీధి వీధంతా చెప్పుకుంది.

కాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన సిపాయి ఒకతను చర్చి మెట్ల మీద ఆ మాట విన్నాడు. మంచివాడే, కానీ ఆలోచించకుండా అనేశాడు: "బ్యాండువాళ్ళాండీ? దేవుళ్ళండీ వాళ్ళు! యుద్ధం మొదలైతే బాకాలు పక్కన పడేసి స్ట్రెచర్లు పట్టుకుని ముందుకెళ్ళేది వాళ్ళే కదా. గుండ్లు పడుతున్నా సరే, దెబ్బ తిన్నవాళ్ళని మోసుకొస్తారు. నన్ను మోసింది వాళ్ళే..."

థిర్జా ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ తర్వాత ఆమెకి కంటి నిండా నిద్ర లేదు. తుపాకీ లేదన్నదే కదా ఇన్నాళ్ళూ ధైర్యం... చేతిలో ఏ ఆయుధమూ లేకుండా, రెండు చేతులా ఒక మనిషిని మోస్తూ, గుండ్ల మధ్య నడుస్తున్న కొడుకు కళ్ళ ముందు కదిలేవాడు. కనీసం వంగి దాక్కోవడానికైనా వీలుంటుందా వాడికి!

ఆ భయంలోనే ఒకరోజు పాస్టరుగారు ఆమె గేటు తీశాడు.

కిటికీలోంచి చూసిన థిర్జా తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడి అరిచింది: "రావద్దు! లోపలికి రావద్దు! నేను వినను! మీరు చెప్పకపోతే వాడు బతికే ఉంటాడు, వెళ్ళిపోండి!"

"థిర్జమ్మా... థిర్జమ్మా, అది కాదమ్మా! చర్చి విందుకి జామ్ సీసాలు అడగడానికొచ్చాను... ఒట్టమ్మా, జామ్ కోసమే!"

తలుపు తీసి చూస్తే, ఆ పెద్దాయన మెట్టు మీద కూర్చుని టోపీ ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. "నన్ను చూస్తే కుక్కలు కూడా మొరగడం మానేశాయమ్మా... ఎవరూ లోపలికి పిలవరు. పుట్టిన బిడ్డని చూడడానికి వెళ్ళినా గుండె పట్టుకుంటున్నారు." థిర్జా ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. అప్పుడే ఆయన మాట ఇచ్చాడు: మామూలు పని మీద వస్తే పెరటి దారిన వస్తాననీ, ముందు గేటు తియ్యననీ. ఆ రోజు నుంచి ఆమె కళ్ళు ముందు గేటుకే అతుక్కుపోయాయి. పెరటి వైపు ఏ అలికిడైనా ఆమెకి పండగే.

నవంబరు నెల. భూగోళం కింది సగంలో ఉన్న ఆ దేశంలో అప్పుడే ఎండలు ముదురుతున్నాయి. ఉదయం పది గంటలప్పుడు థిర్జా ఇస్త్రీ చేస్తోంది. పెరటి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. చూస్తే పాస్టరుగారు!

"రండి రండి! ఈసారి జామ్ లేదు పాస్టరుగారూ, ముందే చెప్తున్నా!" అని నవ్వుతూ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "టీ పెడతాను, కూర్చోండి. ఎండకి ముఖం ఎలా అయిపోయిందో..."

ఆయన కూర్చోలేదు. ఆయన వెనకాల మరో మనిషి ఉన్నాడు... నూనె మరకల పనిబట్టలతో, టోపీ చేత్తో పట్టుకుని... జేబెజ్! పొద్దున్న పది గంటలకి! ఇన్నేళ్ళలో పని వేళప్పుడు ఒక్కరోజైనా ఇంటికి రాని మనిషి!

థిర్జా చేతిలోని కప్పు కింద పడలేదు. ఎంతో జాగ్రత్తగా దాన్ని బల్ల మీద పెట్టింది. ఆ పెట్టడం చూసి లోపలి గదిలోంచి వచ్చిన తమ్సిన్ అక్కడే ఆగిపోయింది.

"పెరటి దారిన వచ్చారే..." అంది థిర్జా, చిన్నపిల్లలా. "పెరటి దారిన వస్తే మామూలు పని కదా? మాట ఇచ్చారు కదా!"

"నేనే ఇటు తీసుకొచ్చాను," అన్నాడు జేబెజ్. "తంతి నా పేరున వచ్చింది. ఆయన గని దగ్గరికే వచ్చాడు. వీధంతా తలుపు సందుల్లోంచి చూస్తుండగా నీకీ మాట చెప్పడం... నా మనసొప్పలేదు థిర్జా."

ఫ్రాన్సు దాటి ఎక్కడో బురదనేలలో... అక్టోబరు నెలలో... క్లెమెంట్ ట్రెంబాత్. పాస్టరుగారు చెబుతున్నాడు. థిర్జాకి ఒక్క మాటా వినబడడం లేదు. ఆమె భర్తనే చూస్తోంది. ఇరవై నెలల తర్వాత మొదటిసారి అతనితో నోరు విప్పింది.

"చంపేశారు! మీరే చంపేశారు వాణ్ణి! వాడి చావు కాగితం మీద సంతకం పెట్టింది మీరే! తుపాకీ కూడా ఇవ్వకుండా పంపించారు నా బిడ్డని... సంతోషమేనా? ఇప్పుడు సంతోషమేనా మీకు!"

ఆమె రెండు చేతులతో అతని గుండెల మీద కొడుతోంది. జేబెజ్ కదలలేదు. ఆపలేదు. దెబ్బ దెబ్బకీ ఊగుతూ అలాగే నిలబడ్డాడు.

"నాన్న కాదు!"

తమ్సిన్ కేకకి ఇద్దరూ తిరిగి చూశారు.

"నువ్వు లోపలికి పో," అన్నాడు జేబెజ్.

"పోను! ఇంక నా వల్ల కాదు నాన్నా! అమ్మా... నీ సంతకం పెట్టింది నేను. నాన్న కాదు, నేను! అన్నయ్య పాటల పుస్తకంలో ఎవరో తెల్ల ఈక పెట్టారమ్మా... పిరికివాడని. చర్చిలో అందరి మధ్యా పుస్తకం తెరిస్తే అది ఒళ్ళో పడింది. ఆ రోజు ఇంటి వెనకాల కూర్చుని ఏడ్చాడమ్మా. అన్నయ్య ఏడవడం నేనెప్పుడూ చూడలేదు! 'తమ్మీ, నీ చేతిరాతే కదా అమ్మ రాత, ఒక్కసారి రాసిపెట్టవే' అన్నాడు... రాసిచ్చాను. నాన్న కాగితం చూడగానే కనిపెట్టేశాడు. అన్నయ్య ఖాకీ బట్టలతో గుమ్మంలో నిలబడ్డ రోజు నేను చెప్పేద్దామనే నోరు తెరిచానమ్మా, అంతలో నాన్న..."

థిర్జా కూతురిని చూసింది. ఆమె కళ్ళల్లో కన్నీళ్ళు లేవు. ఉంటే బాగుండేది.

"నా కళ్ళ ముందు నుంచి పో," అంది. "నువ్వు నాకు కనిపించకు."

తమ్సిన్ వెళ్ళిపోయింది. పెరటి తలుపు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఎంతసేపు గడిచిందో... పాస్టరుగారు ప్రార్థన చేసి, ఇంకో ఇంటికి కూడా వెళ్ళాలని తల దించుకుని చెప్పి వెళ్ళిపోయాడు. జేబెజ్ కుర్చీలో కూలబడి, టోపీని చేతుల్లో తిప్పుతూ ఉన్నాడు.

"మీకెప్పుడు తెలుసు?" అంది థిర్జా, గోడని చూస్తూ.

"సంతకం చేసే ముందే తెలుసు. నేను కాదంటే ఆ కాగితం అక్కడే ఆగిపోయేది, కాదనలేకపోయాను. ఆగలేదు. 'నాన్నా, మీరు ఒప్పుకోకపోతే దొంగపేరుతో ఇంకో ఊళ్ళో చేరతా' అన్నాడు. దొంగపేరుతో పోతే, వాడికేమైనా అయితే మనకి తెలియను కూడా తెలియదు కదా అనుకున్నా. తప్పు నాదే థిర్జా. దాని తప్పేం లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఇన్ని నెలలు... కుక్కని చూసినట్టు చూశానే మిమ్మల్ని!"

"చెప్తే వాడు పోవడమే కాదు, నీ దృష్టిలో అదీ పోయేది. నీకొక బిడ్డయినా మిగలాలి కదా." అతను ముక్కు చీదుకున్నాడు. "నేను పోతే నీకు పెద్ద లోటుండదులే అనుకున్నాను."

"ఎవరు చెప్పారండీ మీకు ఆ మాట?" థిర్జా మొదటిసారి అతని వైపు తిరిగింది. "లోటుండదని ఎవరు చెప్పారు!"

ఆ మాట అంటూనే ఆమె చూపు తెరిచి ఉన్న తలుపు మీద పడింది. అవతల ఎర్రటి రాతిగుట్టలు, వాటి వెనకాల పాడుబడ్డ గోతులు. పిల్ల వెళ్ళి ఎంతసేపయింది? ఏ వైపు వెళ్ళింది? ఏమన్నది తను... నువ్వు నాకు కనిపించకు! కన్నతల్లి అనవలసిన మాటేనా అది!

"తమ్సిన్!"

ఏప్రన్ అయినా విప్పకుండా పరుగెత్తింది. వెనకాలే జేబెజ్. ఎండలో గుట్టల రాళ్ళు నిప్పుల్లా కాలుతున్నాయి. ఒక్కొక్క గోతి చుట్టూ వేసిన కంచె దగ్గర ఆగి, కంచెకి ఏమైనా గుడ్డపీలిక తగులుకుందా అని చూస్తోంది. లోపలికి తొంగిచూడాలంటే భయం... చూడకుండా దాటి పోవాలంటే ఇంకా భయం! "తమ్మీ! తల్లీ! అమ్మనే... అమ్మని పిలుస్తున్నానే, పలకవే!" అరిచిన కేక గోతిలోకి వెళ్ళి, చాలా లోతు నుంచి ఆమెకే తిరిగి వినిపించింది. కొడుకు చావు వార్త విని రెండు గంటలైనా కాలేదు... ఈ కూతురు కూడా పోతే... తన నోటితో తనే తోసేస్తే!

మూడో గుట్ట అవతల జేబెజ్ ఆగిపోయి చెయ్యెత్తాడు.

కంచె విరిగిన ఒక పాత గోతి గట్టు మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు తమ్సిన్. రెండోది కెజియా. కెజియా ఏమీ మాట్లాడడం లేదు. పిల్ల మణికట్టుని మాత్రం రెండు చేతులతో, వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని కూర్చుంది. ఆ ముసలి కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

"పాస్టరు మీ పెరట్లోకి వెళ్ళడం చూశాను," అంది కెజియా, తల తిప్పకుండానే. "తర్వాత ఇది ఇటు రావడం చూశాను. అప్పట్నుంచీ పట్టుకునే ఉన్నా. ఊడిపోతున్నాయే చేతులు... ఇంక నీ బిడ్డని నువ్వు పట్టుకో."

థిర్జా గట్టు మీద పడిపోయినట్టే కూర్చుని కూతురిని ఒళ్ళోకి లాక్కుంది. "నేను చంపేశానమ్మా అన్నయ్యని..." అని వెక్కుతోంది పిల్ల. "ఊరుకో! ఆ మాట అనకు! ఇక నీ నోట ఆ మాట రాకూడదు!" అని తల్లి. ఎవరు ఎవరిని ఊరడిస్తున్నారో తెలియకుండా ఎంతసేపు ఏడ్చారో... లేచి నిలబడ్డాక థిర్జా ఒక చేత్తో కూతురిని, ఇంకో చేత్తో, అడగకుండానే, భర్త చెయ్యి పట్టుకుంది. నూనె అంటిన ఆ చెయ్యి ఆమె వేళ్ళని గట్టిగా బిగించి పట్టుకుంది. కెజియా ముందు నడుస్తూ, కాలుతున్న రాళ్ళని తిట్టుకుంటూ పోయింది.

అంతటితో దుఃఖం తీరిపోయిందా? లేదు. చనిపోయినవాడి ఉత్తరాలు ఇంకా ఓడల్లోనే ఉన్నాయి! క్రిస్మస్‌కి ముందు రెండు వచ్చాయి, తర్వాత ఇంకొకటి. ప్రతిసారీ ఆ చేతిరాత చూడగానే, అంతా పొరపాటేమోనని గుండె పిచ్చిగా కొట్టుకునేది. తేదీ చూడగానే ఆగిపోయేది. ఆఖరి ఉత్తరాన్ని తమ్సిన్ చదవలేకపోతే జేబెజ్ కూడబలుక్కుంటూ చదివాడు. "అమ్మా, ఇక్కడ బురద మీ ఊహకి అందదు. నిన్న ఒక లావుపాటి సార్జెంటుని మోశాం. దారి పొడుగునా మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు, సరిగ్గా మొయ్యడం రాదని. దించాక మాత్రం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు భయమెయ్యదని చెప్తుంటాను కదా, అబద్ధమమ్మా. బాగా భయమేస్తుంది. కానీ చేతుల్లో మనిషి ఉంటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. నేను తిరిగొచ్చాక నీకొక సంగతి చెప్పాలి. కోప్పడనని ముందే రాయి."

"రాయవే తమ్మీ," అంది థిర్జా, కళ్ళు తుడుచుకోకుండా. "కోప్పడనని రాసెయ్యి." పంపడానికి ఊరూ పేరూ లేని ఆ ఉత్తరాన్ని తమ్సిన్ నిజంగానే రాసింది.

వాడితో కలిసి స్ట్రెచర్ మోసిన ఆల్ఫ్ అనే స్నేహితుడి దగ్గర నుంచి కూడా నాలుగు వాక్యాలు వచ్చాయి. దెబ్బ తిన్నవాణ్ణి మోస్తుండగా పక్కనే గుండు పడిందట. క్లెమ్ స్ట్రెచర్ వదల్లేదట, నెమ్మదిగా కింద పెట్టాకే పడిపోయాడట. బాధ తెలియకుండానే పోయాడట. "బాధ తెలియలేదన్న మాట నిజమేనంటారా?" అని అడిగింది థిర్జా. జేబెజ్ ఆ ఉత్తరాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు. ఆమెతో ఇక అబద్ధం ఆడదలచుకోలేదు. "తెలియదు థిర్జా," అన్నాడు. "నిజం కావాలని నేనూ కోరుకుంటున్నా." ఆమె అతని భుజం మీద తల ఆనించింది.

యుద్ధం ముగిసి మూడేళ్ళయ్యాక సైన్యం వాళ్ళ దగ్గర నుంచి ఒక కాగితం వచ్చింది. అక్కడి సమాధి రాయి మీద కుటుంబం తరఫున ఏమైనా రాయించుకోవచ్చట. అరవై ఆరు అక్షరాలకి మించకూడదట. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. జేబెజ్ బైబిలు వాక్యం ఒకటి చెప్పాడు. తమ్సిన్ "రాజు కోసం, దేశం కోసం" అని మిగతావాళ్ళు రాయిస్తున్నది చెప్పి, తనకే నచ్చక ఊరుకుంది. ఇప్పుడామెకి ఇరవయ్యొక్కేళ్ళు. అయినా ఆ కాగితం ముందు కలం పట్టుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. తల్లి అది చూసింది.

"నేను చెప్తాను, రాయి," అంది థిర్జా. "మా అబ్బాయి. ముగ్గురం కలిసి పంపాం. అమ్మ, నాన్న, చెల్లి."

తమ్సిన్ కలం ఆగిపోయింది. "అమ్మా... నువ్వు పంపలేదు కదమ్మా! నువ్వు ఒప్పుకోనే లేదు!"

"మీ ఇద్దరూ ఈ బరువు మోస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తూ ఊరుకుంటానా?" అంది థిర్జా. "ముగ్గురం అనే రాయి."

జేబెజ్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తమ్సిన్ రాసింది. రాసి, వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టింది. ఇంకా కొంచెం చోటుంది, ఏమైనా కలపాలా అని అడిగింది.

"వద్దు," అంది తల్లి. "చాలు."